ఎడమచేతి ఆకురాయి

"ఇది మీ ఊరి కత్తి కాదండీ."

ఒక ఆడపిల్లతో గాస్పార్ అన్న మొదటి మాట అది. మామూలు మగవాడైతే వాన గురించి మాట్లాడతాడు, ఆవుల గురించి మాట్లాడతాడు, ఏదీ తోచకపోతే టైమెంతయిందని అడుగుతాడు. వీడికి తోచింది ఇది. ఇలాంటివాడికి ప్రేమ ఎలా కుదిరిందని మీరు అడగొచ్చు. కుదరడం పెద్ద విషయం కాదు, నిలబెట్టుకోవడంలోనే వస్తుంది తంటా అంతా.

లయోల్ ఊళ్ళో ఆవుల్ని కొండమీది పచ్చికకి తోలే రోజు అది. వీధి నిండా గంటల మోత, కొమ్ములకి కాగితం పూలు, కాలు పెట్టిన చోటల్లా పేడ. ఫిర్మెన్ ముసలాయన కత్తుల దుకాణం ముందు బల్ల వేసి, బల్ల మీద పెద్ద గొడుగు కట్టి, ఆయన మనవరాలు సిడోనీ మడతకత్తులు పరిచి కూర్చుంది. వాన సన్నగా మొదలైంది.

"ఏమిటన్నారు?" అంది సిడోనీ.

"ఈ కత్తి. 'లయోల్‌లో చేసినవి' అని బోర్డు పెట్టారు. ఇది తియేర్‌లో చేసింది. పిడి వెనకున్న స్ప్రింగు చివర తేనెటీగ బొమ్మ చూడండి. మీ పాతవాళ్ళు స్ప్రింగు ఇనుములోంచే దాన్ని సాగదీసి చెక్కేవాళ్ళు. ఇది విడిగా చేసి అతికించారు. అతుకు కనబడుతోంది."

"మీరు కొనడానికొచ్చారా, మాకు పరీక్ష పెట్టడానికొచ్చారా?"

"చూడ్డానికి."

"చూశారుగా. ఇక పక్కకి జరిగి తడవండి. గొడుగు కొనేవాళ్ళకి."

గాస్పార్ జరగలేదు. పక్కనున్న కత్తి తీసి తిప్పి చూస్తున్నాడు. పిడి మీద మేకుల తలలతో వేసిన సిలువ, ఆవు కొమ్ము పిడి, లోపల మడిచి పెట్టిన లావుపాటి సూది. మేత మేసి కడుపుబ్బిన ఆవుని పొడిచి గాలి తీసే సూది అది. కత్తిని మెల్లగా మూసి, మళ్ళీ తెరిచి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"అది పాడదు," అంది సిడోనీ. "మీదే ఊరు?"

"తియేర్."

"అదీ సంగతి. మీ ఊళ్ళో ఒకడు అలుగు సాగదీస్తాడట, ఒకడు సాన పడతాడట, ఇంకొకడు పిడి బిగిస్తాడట. పెళ్ళిళ్ళు కూడా అంతేనా? ఉంగరం తొడగడానికొకడు, కాపురం చెయ్యడానికొకడు?"

పక్క బల్ల దగ్గర చీజు అమ్మే ఆవిడ పకపకా నవ్వింది. కత్తుల గురించి ఎవరేమడిగినా జవాబు చెప్పగల గాస్పార్‌కి దీనికి మాత్రం చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత వాడూ నవ్వాడు.

"అయితే ఆ అతుకు కత్తే ఇవ్వండి."

"దొంగదని తెలిసి కూడానా?"

"అది దొంగది కాదు. మంచి కత్తే. దొంగ బోర్డు కింద ఉంది, అంతే."

సిడోనీ కత్తి కాగితంలో చుట్టి ఇచ్చింది. వాడు వెళ్ళాక బల్లమీది కత్తులన్నీ ఒక్కొక్కటే తిప్పి తేనెటీగల్ని చూసి, అతుకులున్నవాటిని ఏరి బోర్డు లేని పళ్ళెంలో వేసింది. వేస్తూ వాణ్ణి తిట్టుకుంది కూడా.

గాస్పార్ కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. మోటారుసైకిలు వెనక పనిముట్ల పెట్టె కట్టుకుని కొండమీది ఊళ్ళన్నీ తిరిగేవాడు. ఏ వంటింట్లో మిషను రిపేరుకెళ్ళినా, పనయ్యాక "మీ సొరుగులో పాత మడతకత్తులేమన్నా ఉన్నాయా అమ్మా?" అని అడిగేవాడు. ఇచ్చినవి తెచ్చుకుని, మంచం కింద ఉన్నిగుడ్డలో చుట్టి దాచుకునేవాడు. ఒకసారి చావింటికెళ్ళి, ఏడుస్తూ రొట్టె కోస్తున్న ముసలావిణ్ణి "ఈ పిడి ఆవు కొమ్మా, పొట్టేలు కొమ్మా?" అని అడిగిన ఘనుడు. వచ్చినవాళ్ళు గెంటినంత పని చేశారు.

ఆ ఎండాకాలమంతా ఆదివారం వస్తే చాలు, వాడి మోటారుసైకిలు లయోల్ దారి పట్టేది. ఊరి బయట రాతిగోడ మీద ఇద్దరూ కూర్చుని, మధ్యలో కత్తులు పరుచుకుని పోట్లాడుకునేవాళ్ళు. 'మీరు' పోయి 'నువ్వు' ఎప్పుడొచ్చిందో ఇద్దరికీ తెలీదు.

"ఈ రెంట్లో ఏది పాతది?" అనేది సిడోనీ.

"ఇది. నడుం సన్నగా ఉంది చూడు. తర్వాత్తర్వాత పిడి లావు చేశారు."

"నేనూ లావయ్యాక ఇలాగే చెబుతావా?"

"నీకు తేనెటీగ అతికించలేదుగా."

"ఇది పొగడ్తేనా?"

"నాకు తెలిసిన పెద్ద పొగడ్త అదే."

ఆ నవ్వుల్లోనే ఒక ఆదివారం గాస్పార్ తన అసలు సంగతి చెప్పాడు. వాళ్ళ తాత తియేర్‌లో స్ప్రింగుల వీపు మీద ఆకురాయితో నగిషీ గీతలు పెట్టేవాడు. బతుకంతా అదే పని. ఆయనది ఎడమచేతివాటం. అందరి గీతలూ ఒకవైపు వాలితే ఆయనవి రెండోవైపు వాలేవి. కత్తి మీద పేరు మాత్రం దుకాణం వాళ్ళది. ఆయన చేసిన కత్తి ఒక్కటంటే ఒక్కటీ వాళ్ళింట్లో లేదు. చేసినవన్నీ సంతల్లో అమ్ముడుపోయి ఎవరెవరి జేబుల్లోకో పోయాయి.

"నేను కత్తులు పోగెయ్యడం మొదలుపెట్టింది అందుకే. ఏ కత్తి చేతికొచ్చినా ముందు వీపు తిప్పి చూస్తాను. ఎప్పటికైనా ఎడమవైపు వాలిన గీతలు కనబడతాయని. ఇంతవరకూ కనబడలేదు. వినడానికి పిచ్చిగా ఉంది కదూ?"

సిడోనీ చేతిలో ఉన్న గడ్డిపరకని ముక్కలు ముక్కలు చేస్తోంది.

"ఏమైంది?"

"ఏం లేదు. మబ్బు పట్టింది, పద."

మబ్బూ లేదు, ఏమీ లేదు. వాడు ఆకాశం చూశాడు గాని ఆ పిల్ల మొహం చూడలేదు. చూసుంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

సెప్టెంబరు వచ్చేసరికి విషయం పెళ్ళిదాకా వచ్చింది. సిడోనీ అమ్మానాన్నలు పారిస్‌లో కాఫీ హోటలు నడుపుకుంటున్నారు. పసితనంలోనే ఆమెని ఇక్కడ వదిలి వెళ్ళారు. పెంచింది తాత ఫిర్మెన్, నాన్నమ్మ లెయోనీ. నాన్నమ్మ పోయి మూడు చలికాలాలైంది.

"పారిస్‌లో వాళ్ళు ఏమన్నా నాకు పట్టదు," అంది సిడోనీ. "తాతయ్య సరేనంటే వస్తాను. కాదంటే మాత్రం రాను, గాస్పార్. ఆయన్ని కాదని గడప దాటలేను. ఆదివారం భోజనానికి రా. ఆయన్నే అడుగు."

"భోజనం మధ్యలోనా, అయ్యాకా?"

"అయ్యాక ఎక్కడుంటాడు? మా ఇంట్లో తాతయ్య కత్తి తెరిచి రొట్టె అడుగున సిలువ గీస్తేనే తినడం మొదలు. కత్తి మడిస్తే ఆఖరు. మడిచాడా, నోట్లో ముద్ద ఉన్నా లేవాల్సిందే. చిన్నప్పుడు నేను ఎంత చీజు వదిలేసి లేచానో లెక్కలేదు. ఆయన చీజు కోస్తున్నప్పుడు అడుగు. అప్పుడు మంచిగా ఉంటాడు."

"సరే."

"ఇంకొకటి. మాటివ్వాలి నువ్వు."

"అడుగు."

"ఆ పూట కత్తుల గురించి మాట్లాడొద్దు. ఎవరి కత్తి గురించీ. ఏం కనబడినా సరే, నోరెత్తొద్దు."

గాస్పార్‌కి నవ్వొచ్చింది. "మొదటి రోజు కోపం ఇంకా పోలేదా?"

"నవ్వకు. ఒక్క పూట, గాస్పార్. ఎందుకని అడక్కు. నేను చెప్పలేను."

"సరే. ఒట్టు. మీ తాత ప్లాస్టిక్ కత్తితో తిన్నా నోరెత్తను."

ఆదివారం వాన. గాస్పార్ కాలరు బిగించుకుని, జుట్టుకి నూనె పెట్టి, తడవకుండా వచ్చేందుకు మోటారుసైకిలు మానేసి బస్సులో వచ్చాడు. ఫిర్మెన్ పొయ్యి పక్కన కూర్చున్నాడు. పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉంటాడు. మాట తక్కువ. చేతులు మాత్రం పెద్దవి.

"తియేర్ అబ్బాయివి నువ్వేనా?"

"అవును తాతగారూ."

"మా బోర్డు తప్పన్నది నువ్వేనా?"

ముసలాయన గ్లాసులో జెన్షియన్ వేరు సారా పోసి ముందుకి తోశాడు. "తప్పే. నేనే రాశాను. తాగు."

అది విషంలా చేదుగా ఉంటుంది. గాస్పార్ ఒక్క గుక్కలో తాగేసి, మొహం మామూలుగా పెట్టుకోవాలని చూశాడు. చేతకాలేదు. ముసలాయన మీసాల కింద నవ్వాడు. నాన్నమ్మ పోయాక ఆయన అంత తేలిగ్గా నవ్వడం సిడోనీ చూళ్ళేదు.

బల్ల మీద పళ్ళేలూ గ్లాసులూ ఉన్నాయి, కత్తులు లేవు. ఎవరి కత్తి వాళ్ళ జేబులోదే. ఫిర్మెన్ కోటు జేబులోంచి తన కత్తి తీశాడు. వాళ్ళ నాన్న ఉర్బేన్ తన పెళ్ళికి తానే చేసుకున్న కత్తి అది, ఈ ఇంటి వెనక కొలిమిలోనే. ఊళ్ళో అందరికీ తెలిసిన మాట. రొట్టె తిరగేసి, కత్తి మొనతో సిలువ గీసి, కోశాడు.

సిడోనీ బంగాళాదుంపలూ చీజూ కలిపి గిలకొట్టిన ఆలిగో తెచ్చింది. గరిటె ఎత్తితే తాళ్ళలా సాగుతోంది. ఎంత పైకెత్తగలదో చూపిద్దామని కుర్చీ ఎక్కబోయింది. "దిగవే కోతీ," అన్నాడు తాత. ముగ్గురూ నవ్వారు. ఎంత బాగుందంటే, ఆ పూట అక్కడే ఆగిపోయుంటే ఎవరికీ ఏ నష్టమూ లేదు.

చీజు వచ్చింది. ఫిర్మెన్ ఒక ముక్క కోసి, కత్తి మొన మీదే గాస్పార్‌కి అందించాడు. ఆ ఇంట్లో అలా అందిస్తే ఇంటివాడికింద లెక్క. బల్ల కింద సిడోనీ కాలు గాస్పార్ కాలిని తట్టింది. అడుగు, ఇప్పుడే అడుగు.

గాస్పార్ ముక్క తీసుకున్నాడు. నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే ముసలాయన కత్తిని రొట్టె పక్కన పక్కకి పడుకోబెట్టాడు. దీపం వెలుగు స్ప్రింగు వీపు మీద పడింది.

గోధుమ కంకిలా సన్నటి గీతలు. ఎడమవైపు వాలి ఉన్నాయి.

ఇన్నేళ్ళు, ఇన్ని వంటిళ్ళు, ఇన్ని సొరుగులు. వెతికి వెతికి వదిలేసుకున్నది ఇక్కడ, ఈ బల్ల మీద, తను పిల్లనడగబోతున్న ఇంట్లో. వాడిది గర్వం కాదు, ఆ మాట నేను ఒప్పుకుంటాను. సంతోషం. దేవుడే ఈ సంబంధం ఎప్పుడో కలిపి పెట్టాడని నమ్మేశాడు వెర్రివాడు.

"తాతగారూ," అంటూ కత్తి చేతిలోకి తీసుకున్నాడు. "ఇది ఎవరు చేశారో తెలుసా మీకు?"

"గాస్పార్," అంది సిడోనీ.

"ఒక్క నిమిషం, సిడోనీ. చూడు, నేను చెప్పాను కదా, ఎడమవైపు వాలిన గీతలు. ఇది మా తాత చెయ్యి. ముమ్మాటికీ మా తాత చెయ్యే. తాతగారూ, ఇది మీ నాన్నగారు చేసిన కత్తి కాదు. తియేర్‌లో చేసింది. పిడికి మసి పట్టించి, బూడిదలో పెట్టి పాతదానిలా చేశారు గాని, మహా అయితే పదిహేనేళ్ళుంటుంది. మా తాత చేసిన కత్తి మీ జేబులో ఉంది, చూడండి ఎంత చిత్రమో. మనకి ఎప్పట్నుంచో చుట్టరికం ఉందన్నమాట."

బల్ల కింద సిడోనీ వాడి కాలు తొక్కింది, గట్టిగా తొక్కింది. వాడికి తెలీలేదు.

"స్ప్రింగు చూడండి, ఎంత మెత్తగా పనిచేస్తుందో," అని కత్తి మడిచాడు.

టిక్కుమంది.

సిడోనీ చెయ్యి గ్లాసు మీద ఆగిపోయింది. ఫిర్మెన్ ఆ మడిచిన కత్తి వైపు చూశాడు. ఆ ఇంట్లో పుట్టి బుద్ధెరిగాక ఇంటి పెద్ద కత్తిని ఇంకొకరు మడవడం ఆయన చూళ్ళేదు.

ముసలాయన లేచాడు. ఆయన లేచాడు కాబట్టి సిడోనీ లేచింది. కాళ్ళు వాటంతటవే లేచాయి.

"తాతగారూ, నేను... నాకు తెలీక..."

"నీ కళ్ళు మంచివి, అబ్బాయ్," అన్నాడు ఫిర్మెన్. కోపంగా అనలేదు. "నా బొటనవేలు అంతకన్నా మంచిది. మా నాన్న పిడి ఎలా ఉంటుందో దానికి తెలీదా? పిండిపెట్టె వెనక దొరికిందని లెయోనీ తెచ్చి చేతిలో పెట్టిన రోజే తెలుసు నాకు."

"తాతయ్యా," అంది సిడోనీ.

"ఎంత కష్టపడి చేయించుకొచ్చిందో పాపం. దొరికిందా, మంచిదయింది అన్నాను. ఆవిడ మొహం వెలిగింది. ఆ మాట అక్కడే ఉంది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఉంది, పోయాకా ఉంది. జేబులో చెయ్యి పెడితే ఆవిడ అబద్ధం చేతికి తగిలేది." కత్తిని చేతిలోకి తీసుకుని, జేబులో పెట్టుకోబోయి ఆగాడు. "ఇవాళ్టితో అయిపోయింది."

కత్తి పట్టుకుని పక్కగదిలోకి వెళ్ళాడు. బీరువా తలుపు తెరిచిన చప్పుడైంది, మూసిన చప్పుడైంది. లెయోనీ తలగుడ్డలుండే బీరువా అది.

గాస్పార్ అడగాల్సిన మాట అడగనేలేదు. భోజనం అయిపోయింది.

గేటు దగ్గర వాన. సిడోనీ ఉన్ని చొక్కాతో తడుస్తూ నిలబడింది. గాస్పార్ గొడుగు పట్టబోతే వెనక్కి జరిగింది.

"పారేసింది నేను," అంది. "ఏడేళ్ళ పిల్లని. తాతయ్య నిద్రపోతుంటే జేబులోంచి తీసుకెళ్ళి, తెల్లపూలు కొయ్యడానికి ఊబినేలలోకి దిగాను. చేతిలోంచి జారిపోయింది. అంతే, ఊబి మింగేసింది. నాన్నమ్మ నన్ను ఒక్క దెబ్బ వెయ్యలేదు. సంతకొచ్చే తియేర్ వర్తకుడికి కత్తి ఎలా ఉంటుందో చెప్పి చేయించుకుంది. నేను బతికున్నంతవరకూ మీ తాతకి చెప్పకు, నేను పోయినా చెప్పకు అని మాట తీసుకుంది. తాతయ్యకి తెలీదనుకుని నేనిన్నాళ్ళూ... ఆయనేమో మా కోసం తెలీనట్టు ఉన్నాడు."

"నాతో ఒక్క ముక్క చెప్పి ఉంటే, సిడోనీ. ఒక్క ముక్క. చచ్చినా నోరు విప్పేవాణ్ణి కాదు."

"తెలుసు."

"మరి?"

"కారణం చెబితే నోరు మూసుకునేవాళ్ళు ఊరంతా ఉన్నారు. నేనడిగానని మూసుకునేవాడు కావాలనుకున్నాను. ఒక్క పూట అడిగాను నిన్ను."

వాన వాడి నూనె పెట్టిన జుట్టు మీంచి కారుతోంది.

"మీ తాత దొరికాడని నీకెంత సంతోషమైందో చూశాను," అంది. "నీ మొహం అంత అందంగా ఎప్పుడూ లేదు. అందుకే ఇంకా కోపంగా ఉంది నాకు. బస్సు వస్తోంది, వెళ్ళు."

"ఆదివారం రానా?"

"వద్దు."

వెళ్ళాడు. ఆ చలికాలం గాస్పార్ కత్తులు చూసిన తీరు వేరు. వీపు తిప్పి ఎడమవైపు గీతల కోసం చూడటం మానేశాడు. ఉర్బేన్ చేసిన కత్తి కోసం వెతికాడు. ఉర్బేన్ పెళ్ళి కత్తి ఊబిలో ఉంది, దాన్నెవడూ తేలేడు. కాని ఆయన బతికిన రోజుల్లో ఇంకొన్ని చేసి అమ్మాడు కదా. ముసలి చీజువాళ్ళనడిగాడు, గుర్రాలకి నాడాలు కొట్టేవాళ్ళనడిగాడు. ఉర్బేన్ తేనెటీగకి రెక్కలు చెక్కేవాడు కాదని, ఉత్త బొడిపెలాగే వదిలేసేవాడని, సిలువలో కింది మేకు మిగతావాటికన్నా లావుగా కొట్టేవాడని తెలుసుకున్నాడు. మంచులో మోటారుసైకిలు జారి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆఖరికి ఒక పశువుల కాపరి భార్య గొర్రెల కత్తెర బాగుచేయించుకుని, డబ్బుకి బదులు ఒక కత్తి చేతిలో పెట్టింది. రెక్కల్లేని తేనెటీగ, లావు మేకు. గాస్పార్ ఆ వంటింట్లోనే కూలబడి ఏడ్చాడు. ఆవిడ కత్తి బాగోలేదేమోననుకుని రొట్టె కూడా ఇచ్చింది.

మళ్ళీ ఆవుల్ని పచ్చికకి తోలే రోజు వచ్చింది. గంటలు, కాగితం పూలు, పేడ. దుకాణం ముందు బల్ల ఉంది, గొడుగు ఉంది. సిడోనీ కొంచెం చిక్కింది. వాణ్ణి చూసి లేవలేదు, మొహమూ తిప్పుకోలేదు.

"చెయ్యి ఎలా ఉంది?"

"నీకెలా తెలుసు?"

"కుట్టుమిషన్లవాడు పడ్డాడంటే కొండమీద తెలీనివాళ్ళెవరు?" అంది. తర్వాత నెమ్మదిగా, "లోపలికి రా. భోజనం వేళయింది. వచ్చినవాణ్ణి తినకుండా పంపడు తాతయ్య," అంది.

ఫిర్మెన్ పొయ్యి పక్కనే ఉన్నాడు. ఇంకా ఎండాడు. "వచ్చావా అబ్బాయ్," అన్నాడు, నిన్న వచ్చి వెళ్ళినవాణ్ణి పలకరించినట్టు. గ్లాసులో జెన్షియన్ పోశాడు. ఈసారి గాస్పార్ మొహం చిట్లించలేదు.

రొట్టె బల్ల మీదికొచ్చింది. ముసలాయన జేబులో చెయ్యి పెట్టలేదు. సిడోనీ వంటింటి సొరుగులోంచి కూరలు తరిగే కత్తి తెచ్చి ఇచ్చింది. చెక్కపిడి, మడత లేదు. ఆయన దానితోనే రొట్టె అడుగున సిలువ గీశాడు. సెప్టెంబరు నుంచీ ఆయన అలాగే తింటున్నాడని గాస్పార్‌కి ఎవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేకపోయింది.

గాస్పార్ జేబులోంచి ఉన్నిగుడ్డ తీసి, విప్పి, ఉర్బేన్ కత్తి ముసలాయన ముందు పెట్టాడు. తేనెటీగ గురించీ, మేకు గురించీ, ఎక్కడ దొరికిందో కూడా చెప్పలేదు. నేర్చుకున్నాడు పాపం.

ఫిర్మెన్ కత్తి అందుకున్నాడు. కళ్ళు మూసుకుని పిడి మీద బొటనవేలు పెట్టి జరిపాడు.

"అవును," అన్నాడు. "మా నాన్నదే."

గాస్పార్ కుర్చీ అంచుకి జరిగాడు.

"ఎంత తిరిగావు దీని కోసం?"

"తిరిగాను, తాతగారూ."

"తిరిగే ఉంటావు. మంచి పిల్లాడివి." కత్తిని తెరవలేదు. తెరవకుండానే బల్ల మీద సిడోనీ వైపు జరిపాడు. "నాకు మా నాన్న కత్తి ఎందుకు నాయనా? అది పోయినప్పుడే వదిలేసుకున్నాను. నాకు లేకుండా పోయింది లెయోనీ ఇచ్చిన ఆ రెండోది. దాన్ని నువ్వు తెచ్చివ్వలేవు, అది బీరువాలోనే ఉంది." మనవరాలి వైపు తిరిగాడు. "బయట పళ్ళెంలో పెట్టమ్మా. ఎవరికన్నా నచ్చితే కొనుక్కుంటారు."

సిడోనీ కత్తిని చూస్తూ కూర్చుంది. "ఏ బోర్డు కింద పెట్టమంటావు తాతయ్యా?" అంది. అడిగింది తాతని, చూసింది గాస్పార్‌ని.

తిన్నారు. ఆలిగో తాళ్ళలా సాగింది, ఎవరూ కుర్చీ ఎక్కలేదు. చీజు వచ్చింది. ముసలాయన ఒక ముక్క కోసి పళ్ళెంలో వేసి గాస్పార్ వైపు తోశాడు. కత్తి మొన మీద ఇవ్వలేదు. ఆ కత్తికి మొన కూడా సరిగా లేదు.

తినడం అయిపోయింది. కూరల కత్తి బల్ల మీద రొట్టె తునకల మధ్య పడి ఉంది. దాన్ని మడవడానికి లేదు. ఉర్బేన్ కత్తి మడిచే ఉంది, దాన్నెవరూ తెరవనే లేదు. ముగ్గురూ కూర్చున్నారు. బయట ఆఖరి మంద వెళ్ళిపోయినట్టుంది, గంటలు దూరమయ్యాయి. ఫిర్మెన్ పొయ్యి వైపు చూస్తున్నాడు. గాస్పార్ ముసలాయన చేతుల వైపు చూస్తున్నాడు, అవి ఎప్పుడు కదులుతాయోనని. ఆ ఇంటి మర్యాద వాడికిప్పుడు బాగా తెలుసు. పెద్దాయన కత్తి మడవందే లేవకూడదు.

"నిన్ను మర్చిపోయానని అబద్ధం చెప్పను," అంది సిడోనీ, తాత ముందే. "రోజూ గుర్తొస్తావు. ఆయన ఈ కూరల కత్తి చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ గుర్తొస్తావు. అదే నా బాధ. అలా గుర్తొచ్చేవాడితో ఒక బల్ల దగ్గర కూర్చుని నేను తినలేను, గాస్పార్."

"సిడోనీ."

"లే. ఈ ఇంట్లో ఇక ఎవరూ చెప్పరు. ఎవరికి వాళ్ళే లేవాలి."

గాస్పార్ లేచాడు. కుర్చీ చప్పుడు కాకుండా లోపలికి జరిపాడు. ముసలాయనకి దణ్ణం పెట్టినట్టు తలొంచాడు. ఆయన చెయ్యి ఎత్తి, మళ్ళీ మోకాలి మీద పెట్టుకున్నాడు.

సిడోనీ వాడి వెనక గుమ్మం దాకా రాలేదు. పళ్ళేలు తీయడం మొదలుపెట్టింది. ముందు వాడి పళ్ళెం తీసింది.